కొసరూ సూటూ: అంగడిలో ధర్మ విచారం

సరుకు ఒక చేతి నుంచి, డబ్బు ఇంకో చేతి నుంచి మారేటప్పుడు ధర్మం ఎక్కడ నిలుస్తుందన్నది అన్ని మతాలూ తడిమిన ప్రశ్న. పైకి ఒకటిగా కనిపించే ఈ ప్రశ్నలో నిజానికి మూడు ఉన్నాయి. తూకం సరిగ్గా పడిందా? కట్టిన ధర న్యాయమైనదేనా? తూకమూ ధరా తేలిపోయాక అమ్మినవారికీ కొన్నవారికీ మధ్య ఇంకేమైనా మిగిలి ఉంటుందా? మొదటిదానికి తక్కెడ జవాబు చెబుతుంది. రెండోదానికి రాజులు, శాస్త్రకర్తలు, ప్రభుత్వాలు తలా ఒక జవాబు చెప్పారు, ఇంకా చెబుతూనే ఉన్నారు. మూడోదానికి తెలుగు సంత ఒక చక్కని మాట పెట్టుకుంది: కొసరు. అనంతపురం జిల్లా మండీల్లో ఆ మాటకు సరిగ్గా ఎదురు నిలిచే మాట ఇంకొకటి వినిపిస్తుంది: సూటు. రెండింటిలోనూ తూకానికి మించి కొంత సరుకు చేయి మారుతుంది. అయినా ఒకదాన్ని జనం మంచితనమంటారు, రెండోదాన్ని దోపిడీ అంటారు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే పై మూడు ప్రశ్నల వరుస కూడా తెలుస్తుంది.

నేల, పంట, అంగడి

విడపనకల్లు అనంతపురం జిల్లా వాయవ్య అంచున, బళ్ళారి పొలిమేరను ఆనుకుని ఉన్న మండల కేంద్రం. ఉరవకొండ, వజ్రకరూరు, గుంతకల్లు దానికి ఇరుగుపొరుగు. 1882లో బళ్ళారి జిల్లా నుంచి అనంతపురం జిల్లాను విడదీశారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. పాలన ఎన్ని ముక్కలైనా ఇక్కడి జనానికి బళ్ళారి అంగడి మాత్రం దూరం కాలేదు. మాటల్లో తెలుగు, కన్నడం కలిసే పారతాయి. వారం వారం సరుకు చేరే చోటును ఇటువాళ్ళు సంత అంటే అటువాళ్ళు సంతె అంటారు.

జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. విడపనకల్లు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పప్పుశనగ, పత్తి, జొన్న పండిస్తారు. తుంగభద్ర ఎగువ కాలువ నీరు అందే చేలల్లో మిరప వేస్తారు. పప్పుశనగకు వానాకాలం చివర నేలలో మిగిలిన పదును, చలికాలపు మంచు చాలు. మిరపకు మాత్రం నారు, నీరు, ఎరువు, మందు, కోత కూలి అన్నీ కావాలి, అన్నిటికీ అప్పు కావాలి. ఎండిన మిరపకాయ దాదాపు రెండు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి కర్ణాటకలో హావేరి జిల్లాలోని బ్యాడిగి మార్కెట్‌కు చేరుతుంది. పత్తికి ఆదోని పెద్ద మార్కెట్. కూరగాయలకు దగ్గరి పట్నాలే దిక్కు.

కూరగాయలు అమ్మేవారికి ఏడు రోజులకొక సంత ఉంటుంది. ఈ వారం ధర పడిపోతే వచ్చే వారం చూసుకోవచ్చు. మిరప, పప్పుశనగ పండించే రైతుకు ఏడాదికి ఒక్కటే సంత. దుక్కి నుంచి కళ్ళం దాకా చేసిన పనంతా ఆ ఒక్క రోజు పలికే అంకెలో తేలాలి. న్యాయమైన ధర అంటే ఏమిటన్న తాత్విక ప్రశ్న ఇక్కడ అప్పు చీటీ వెనకవైపు వేసుకునే లెక్కగా మారుతుంది.

మతపరంగా కూడా ఈ చుట్టుపక్కల నేల అంగడి ధర్మం గురించి చాలా విన్నది. పొరుగున వజ్రకరూరు మండలంలోని కొనకొండ్ల పాత జైన క్షేత్రం. దిగంబర జైనుల మహాచార్యుడు కుందకుందుడు పుట్టిన ఊరు అదేనని సంప్రదాయం చెబుతుంది. ఉరవకొండలో వీరశైవుల గవిమఠం ఉంది. విడపనకల్లు మండలంలోనే ఉండబండలో వీరభద్రస్వామి కొలువున్నాడు. ముస్లింలు తరతరాలుగా ఇక్కడి ఊళ్ళల్లో, అంగళ్ళలో ఉన్నవారే. పడమట ఉన్న హంపిలో గుడి ఎదుటే బజారు వీధి సాగుతుంది. విరూపాక్షుడి రథం కదిలిన వీధిలోనే బేరాలూ సాగాయి. దేవుడి కంటి ఎదుట అమ్మకం జరగడం ఈ ప్రాంతపు ఊహకు కొత్త సంగతి కాదు.

తూకం

పాత త్రాసు ఎత్తే పద్ధతిలోనే ఒక నీతి ఉంది. సరుకు వేయకముందు ఖాళీ తట్టలను గాలిలో ఎత్తి చూపాలి. ముల్లు ఒక పక్కకు ఒరిగితే తేలిక తట్టలో చిన్న రాయో చింతగింజో వేసి సరిచేయాలి. దీన్నే పాసంగం అంటారు. అసలు సరుకు కన్నా ముందు తన పనిముట్టులోని లోపాన్ని అమ్మేవారు అందరి ముందూ ఒప్పుకుని సరిదిద్దుకోవడం ఇది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ‘ఒకటి’ అని లెక్కపెట్టకుండా ‘లాభం’ అని మొదలుపెట్టడం తెలుగు రైతుల ఆచారం. లెక్క తప్పకుండా రెండు, మూడు అని సాగుతుంది. కొలతలో శుభాన్ని తలచుకోవడం, కొలతను తప్పకపోవడం ఆ ఆచారంలో పక్కపక్కనే నడుస్తాయి.

తూకం విషయంలో మతాల మధ్య భేదం దాదాపు లేదు. తూనికలనూ కొలతలనూ ఆరు నెలలకొకసారి రాజు పరీక్షించాలని మనుస్మృతి విధించింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగు నెలలకొకసారి ముద్ర వేయించుకోవాలని చెప్పి, ఆ పనికి పౌతవాధ్యక్షుడు అనే అధికారిని పెట్టింది. జైన గృహస్థుడి అస్తేయ వ్రతానికి భంగం కలిగించే దోషాల్లో దొంగ తూకాలు, దొంగ కొలతలు వాడటం ఒకటి, మంచి సరుకులో నాసి సరుకు కలపడం మరొకటి. అంటే తక్కువ తూచడాన్ని జైనం వ్యాపారపు చిన్న తప్పుగా లెక్కకట్టలేదు, దొంగతనం ఖాతాలోనే రాసింది. ఖురాన్ 83వ సూరా పేరే తూకంలో తగ్గించేవారి మీద వచ్చింది. తాము కొలిపించుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇతరులకు కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని ఆ సూరా హెచ్చరిస్తుంది. బైబిల్ సామెతల గ్రంథం దొంగ త్రాసును దేవుడు అసహ్యించుకుంటాడని చెబుతుంది.

ఇంత ఏకాభిప్రాయానికి ఒక కారణం ఉంది. తూకానికి అమ్మేవారికీ కొనేవారికీ బయట నిలిచే సాక్షి ఒకటి దొరుకుతుంది. రాయి కావచ్చు, ఇనుప గుండు కావచ్చు, ముద్ర వేసిన కిలో కావచ్చు. ఇద్దరి ఇష్టాయిష్టాలతో దానికి పని లేదు. శేర్లు, మణుగులు పోయి 1950ల చివరలో మెట్రిక్ కొలతలు రావడం, తరువాత 2009 నాటి తూనికలు కొలతల చట్టం, ఇప్పటి ఎలక్ట్రానిక్ కాటాలు, వాటి మీద ప్రభుత్వ ముద్ర, అన్నీ ఆ బయటి సాక్షిని గట్టిపరిచే ఏర్పాట్లే. మోసం ఆగకపోయినా మోసమేదో అందరికీ తెలుసు. తూకం దగ్గర ధర్మం మీద వాదన లేదు, పాటించడంలోనే చిక్కు.

మహాభారతం శాంతిపర్వంలో తులాధారుడి కథ తూకాన్ని ఇంకాస్త పైకి తీసుకెళ్తుంది. జాజలి అనే తపస్వి కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే జడల్లో పక్షులు గూడు కట్టి పిల్లలను పెంచాయి. ఆ పిల్లలు ఎగిరిపోయేదాకా కదలనందుకు జాజలికి గర్వం కలిగింది. కాశీలో సరుకులు అమ్ముకునే తులాధారుడికి నువ్వు సాటి రావని ఒక అశరీరవాణి వినిపించింది. వెతుక్కుంటూ వెళ్ళిన జాజలికి ఆ వర్తకుడు తన ధర్మమేమిటో చెప్పాడు. ఎవరి మీదా ప్రత్యేకమైన ప్రేమ లేదు, ద్వేషం లేదు, తన తక్కెడ అందరికీ ఒక్కలాగే నిలుస్తుంది. ఇక్కడ తక్కెడ ఇనుప పనిముట్టు స్థాయి దాటి మనసు స్థితికి గుర్తుగా మారింది. మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడి దగ్గరికి బ్రాహ్మణుడు వెళ్ళి ధర్మం నేర్చుకున్న కథ కూడా అదే భారతంలో ఉంది. జ్ఞానం అడవిలోనే దొరుకుతుందన్న నమ్మకాన్ని రెండు కథలూ అంగడి వైపు తిప్పాయి.

తులాధారుడి మాటల్లో రైతుకు ఇబ్బంది కలిగించే భాగం కూడా ఉంది. నాగలి నేలలోని జీవులను చంపుతుందని, కాడి కింద ఎద్దులు బాధపడతాయని చెప్పి సేద్యాన్నే తప్పుపట్టాడు. పండించేవారు హింస మోస్తే, ఆ పంటను తూచేవారు చేతికి మట్టి అంటకుండా సమత్వం పాటించగలరా అన్న ప్రశ్న ఆ కథలో తేలకుండానే ఉండిపోతుంది. సరుకు వెనక ఉన్న శ్రమనూ నష్టాన్నీ తక్కెడ చూడలేదు. అక్కడి నుంచి ధర ప్రశ్న మొదలవుతుంది.

ధర

పశువుల సంతలో దళారి కొనేవారి చేయి పట్టుకుని మీద తువ్వాలు కప్పుతాడు. వేళ్ళ సైగలతో వేలూ వందలూ చెప్పుకుంటారు. తరువాత అదే తువ్వాలు కింద అమ్మేవారి చేయి. చుట్టూ పది మంది నిలబడి చూస్తున్నా అంకె ఎవరికీ తెలియదు. తూకం అందరి ముందూ ఎత్తి చూపే సంతే ధరను మాత్రం గుడ్డ చాటున దాచింది. ధరకు రాయిలాంటి బయటి సాక్షి లేదని ఈ ఒక్క దృశ్యం చెబుతుంది.

ఆ సాక్షిని రాజులో వెతికింది ప్రాచీన భారత శాస్త్రం. ఐదు రోజులకో పక్షానికో ఒకసారి సరుకుల ధరలను రాజు అందరి ముందూ నిర్ణయించాలని మనుస్మృతి చెప్పింది. దేశీయ సరుకు మీద నూటికి ఐదు, పరదేశపు సరుకు మీద నూటికి పది లాభం వర్తకుడికి చాలని అర్థశాస్త్రం హద్దు గీసింది. రెండింటిలోనూ ఉన్న నమ్మకం ఒక్కటే: ధర పదిమందికీ తెలియాలి, దానికొక హద్దు ఉండాలి.

గ్రీకు తాత్వికుడు అరిస్టాటిల్ ఆ సాక్షిని అవసరంలో వెతికాడు. ఇల్లు కట్టేవాడికీ చెప్పులు కుట్టేవాడికీ మధ్య మారకాన్ని సాధ్యం చేసేది ఒకరి పని ఇంకొకరికి అవసరం కావడమే. డబ్బు ఆ అవసరానికి బదులు నిలుస్తుందన్నాడు. మాట బాగుంది, కాని కరువు నేల మీద అది తిరగబడుతుంది. అప్పు గడువు ముంచుకొచ్చిన రైతుకు అమ్మడం ఎంత అవసరమో ధర అంత పడిపోతుంది. 13వ శతాబ్దపు క్రైస్తవ చింతకుడు థామస్ అక్వినాస్ ఈ చిక్కును ఒక వైపు నుంచి పట్టుకున్నాడు. సరుకును వదులుకోవడం వల్ల అమ్మేవాడికి నష్టం ఉంటే ఆ నష్టాన్ని ధరలో కలపవచ్చు. కొనేవాడి గరజు ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో మాత్రం ధర పెంచకూడదు, ఆ గరజు అమ్మేవాడి సొత్తు కాదు గనక. ఈ తర్కాన్ని తిప్పి రెండో వైపు పెడితే మండీకి సరిపోతుంది. రైతు గరజు కొనేవారి సొత్తు కాదు. దాన్ని చూసి ధర తగ్గించడమంటే తనది కానిదాన్ని అమ్ముకోవడమే.

ఇస్లాం సంప్రదాయం సాక్షిని సంతలోనే వెతికింది. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని జనం అడిగితే ముహమ్మద్ ప్రవక్త ఒప్పుకోలేదని హదీసులు చెబుతాయి. అదే సమయంలో సరుకుతో వచ్చే బిడారుకు ఊరి బయటే ఎదురెళ్ళి కొనడాన్ని నిషేధించారు. అలా అమ్మినవాడు సంతకు చేరి అసలు ధర తెలుసుకున్నాక ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కూడా ఇచ్చారు. ధర కట్టడం మనిషి పని కాకపోవచ్చు, ధర తెలియకుండా అమ్మించడం మాత్రం అన్యాయం అన్నది ఇందులోని సూక్ష్మం. కళ్ళంలో రాశి ఆరకముందే వచ్చి బేరమాడే దళారికి ఈ నిషేధం ఈనాటికీ వర్తిస్తుంది. సరుకును గుప్పిట పట్టి సంతను ఆడించేవారు ఉన్నప్పుడు పాలకుడు ధర కట్టవచ్చని తరువాతి కాలపు పండితుడు ఇబ్న్ తైమియ్యా వివరించాడు.

ఆధునిక ప్రభుత్వాలు ఈ పాత జవాబులన్నిటినీ ఒక్కొక్క ఏర్పాటుగా మార్చాయి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్లు మనువు చెప్పిన బహిరంగ ధరకు దగ్గరి బంధువులు. రైతే తన కూరగాయలు తెచ్చి అమ్మాలి. అతను నిజంగా పండించేవాడేనని అధికారులు చూసి గుర్తింపు కార్డు ఇస్తారు. టోకు ధర కన్నా సుమారు పాతిక శాతం ఎక్కువగా, చిల్లర ధర కన్నా పాతిక శాతం తక్కువగా ఉండేట్టు రోజూ పొద్దున్నే ధరలు తేల్చి పలక మీద రాస్తారు. తువ్వాలు కింద దాగిన అంకె అక్కడ సుద్దముక్కతో బయటికి వచ్చింది.

ఇలాంటి ఆలోచన ఒక్క తెలుగు నేలదే కాదు. హంగరీలో 2012లో చేసిన నిబంధనల ప్రకారం చిన్న పట్నాల రైతు సంతల్లో అదే జిల్లా వారు గాని, నలభై కిలోమీటర్ల లోపు పండించేవారు గాని తమ సొంత పంటను, తమ చేత్తో చేసిన తిండి పదార్థాలను అమ్ముకోవచ్చు. రైతు బజారు ధరకు హద్దు గీస్తే, హంగరీ సంత దూరానికి హద్దు గీసింది. అమ్మే మనిషీ కొనే మనిషీ ఒకరి ముఖం ఒకరు గుర్తుపట్టేంత దగ్గరగా ఉంటే ధర దానంతటదే గాడిలో ఉంటుందన్న నమ్మకం దాని వెనక ఉంది.

ఆ నమ్మకం టమాటా, వంకాయకు కుదిరినంతగా మిరపకు కుదరదు. విడపనకల్లు మిరపను కొనేవారు నలభై కిలోమీటర్ల లోపు దొరకరు. రంగు తీసే కర్మాగారాలు, ఎగుమతిదారులు, శీతల గిడ్డంగుల వ్యాపారులు కలిసి తేల్చే ధర అది. 2024 మార్చి 11న బ్యాడిగిలో ధర ఒక్కసారిగా పడిపోయినప్పుడు రైతుల కోపం కట్టలు తెంచుకుని మార్కెట్ కమిటీ కార్యాలయంపై దాడి, వాహనాల దహనం దాకా వెళ్ళింది. ఆంధ్ర నుంచి సరుకు తెచ్చిన రైతులూ ఆ రోజు అక్కడ ఉన్నారు. నిప్పు పెట్టడాన్ని ఏ ధర్మమూ సమర్థించదు. కాని ఆ కోపం తూకం తగ్గినందుకు రాలేదు. కాటా సరిగ్గానే ఉంది. సరైన కాటా మీద కూడా ఏడాది శ్రమ తేలిపోవచ్చని ఆ రోజు అంకె చూపించింది.

కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పప్పుశనగ, శనక్కాయ, జొన్న, పత్తి ఉన్నాయి, మిరప లేదు. ధరలు కుంగినప్పుడు 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలుకు 11,781 రూపాయలు కట్టింది. సాగు ఖర్చు ఎంత, దాని మీద ఎంత కలిపితే న్యాయం అన్న లెక్కలో కుటుంబ సభ్యుల పనికి, సొంత నేల కౌలుకు, పెట్టుబడి వడ్డీకి విలువ కట్టాలా వద్దా అన్నదే పెద్ద తగువు. ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలన్న మాటకు అందరూ ఒప్పుకున్నా, ఖర్చులో ఏది చేరుతుందో తేలక ఆ మాట నిలకడగా నిలవదు. లెక్కల శాస్త్రంలా కనిపించే ఈ తగువు అడుగున ఉన్నది మళ్ళీ ధర్మ ప్రశ్నే: పొద్దున్నే చేలోకి వెళ్ళి కాయ కోసిన ఇల్లాలి పనికి ధర ఉందా, లేదా?

చాలు అన్న లెక్క

ధరకు ఉండాల్సిన హద్దుల గురించే ఇంతసేపూ మాట. మనిషి సంపాదనకు పై హద్దు గురించి ఆలోచించినవారు జైనులు, వీరశైవులు. జైన గృహస్థుడు పరిగ్రహ పరిమాణ వ్రతం పట్టి తనకు ఇంత ఆస్తి చాలని ముందే గీత గీసుకుంటాడు. వ్యాపారం మానడు, వ్యాపారం ఎక్కడ ఆగాలో ముందే అనుకుంటాడు.

12వ శతాబ్దంలో కల్యాణంలో బసవేశ్వరుడి చుట్టూ చేరిన శివశరణులు ఈ ప్రశ్నను పని చేసే చేతుల వైపు నుంచి చూశారు. ఒళ్ళు వంచి చేసే ఏ పనైనా కాయకం, అదే పూజ. అందులో తనకు కావలసినంత ఉంచుకుని మిగిలినదాన్ని అందరికీ పంచడం దాసోహం. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో తెలుగు ద్విపదలో బసవపురాణం రాయడంతో ఈ భావాలు తెలుగు నేల మీద ఇల్లిల్లూ తిరిగాయి. కన్నడ శరణుల్లో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ అంగడి ధర్మానికి నేరుగా తగులుతుంది. బసవేశ్వరుడి ఇల్లు మహామనె ముంగిట చిందిపడిన బియ్యం ఏరుకుని రావడం మారయ్య కాయకం. ఒకరోజు మామూలు కన్నా ఎక్కువ తెచ్చాడు. లక్కమ్మ చూసి, మనకు ఇంత ఎందుకు, ఎక్కువైనది తిరిగి అక్కడే పోసి రమ్మని పంపింది. ఏరుకుని బతికే పేదింటి మనిషి కూడా చాలు అనగలగడం ఆ కథలో పెద్ద మాట.

అయితే ఈ కథను రైతు మీదికి తిప్పి, వచ్చిన ధరతో తృప్తి పడమని ఉపదేశించడం దాన్ని తలకిందులు చేయడమే అవుతుంది. లక్కమ్మ ఎక్కువైనదాన్ని తిరిగి ఇవ్వమంది, తక్కువైనదాన్ని సరిపెట్టుకోమనలేదు. చాలు అనే హక్కు కడుపు నిండిన తరువాతే వస్తుంది. శరణుల బోధలో దాసోహం కాయకానికి తరువాతి మెట్టు. కాయకానికి ఫలం దక్కకపోతే దాసోహానికి ఏమీ మిగలదు.

కొసరు

కూరగాయల సంతలో ఒక చిన్న పని రోజూ వందసార్లు జరుగుతుంది. కిలో వంకాయలు తూగి, ముల్లు నిలిచి, తట్ట దించి, కాయలు సంచిలో పడ్డాక అమ్మే ఆమె చేయి మళ్ళీ గంపలోకి వెళ్తుంది. ఇంకో కాయో, పిడికెడు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెబ్బో సంచిలో పడుతుంది. ఇక్కడ వరుస ముఖ్యం. ఆ కాయ తట్ట దించకముందు పడితే అది తూకంలో భాగం, ముల్లు ఒరగడం కోసం వేసినది. తట్ట దించాక పడితే కొసరు. తక్కెడ తన పని ముగించి పక్కకు తప్పుకున్నాక జరిగే పని అది.

తెలుగులో కొసరు మాటకు అంగడి బయట కూడా బతుకుంది. విస్తరి ముందు కూర్చున్నవారు వద్దంటున్నా ఇంకో గరిటె వేయడాన్ని కొసరి కొసరి వడ్డించడం అంటారు. అసలు కన్నా కొసరు ముద్దు అన్న సామెత అందరి నోటా ఉన్నదే. చిన్నపిల్లలు ఇంకొంచెం కావాలని మారాం చేయడాన్నీ కొసరడం అంటారు. ఇచ్చే చేతి పట్టుదల, అడిగే గొంతు చనువు రెండూ ఒకే మాటలో ఇమిడాయి. అన్నం పెట్టే ఇంటి మాటను తెలుగువారు అంగట్లోకి తెచ్చుకున్నారు.

కొసరు ధర్మమేనా, లేక వ్యాపారపు ఎత్తుగడా? రేపు మళ్ళీ తన గంప దగ్గరికే రావాలని ఆమె వేసి ఉండవచ్చు. కొసరు విలువను ముందే ధరలో కలుపుకుని ఉండవచ్చు కూడా. ఈ అనుమానం నిజమే అయినా కొసరు విలువ పూర్తిగా పోదు. ధరలో కలిపినది లెక్కే అయితే అందరికీ ఒక్కలాగే పడాలి. కొసరు అలా పడదు. చంటిపిల్లను ఎత్తుకొచ్చినవారికి ఒక రకంగా, రోజూ వచ్చే ముసలమ్మకు ఒక రకంగా, మొదటిసారి వచ్చినవారికి ఇంకో రకంగా పడుతుంది. తులాధారుడి తక్కెడ అందరికీ సమానం. కొసరు ముఖం చూసి పడుతుంది. సమత్వం ఒక ధర్మమైతే, ఎదుట ఉన్న మనిషిని గుర్తుపట్టడం ఇంకో ధర్మం. మొదటిదాన్ని తక్కెడకు అప్పగించగలిగాము గనకనే రెండోదానికి చేయి ఖాళీ అయింది.

సూటు

అనంతపురం జిల్లాలో చీనీకాయలు అమ్మే మండీల్లో తూగిన సరుకులో టన్నుకు ఇన్ని కిలోలని తీసేసి మిగతాదానికే డబ్బు కట్టే పద్ధతికి సూటు అని పేరు. టమాటా మండీల్లో వంద పెట్టెలకు ఇన్ని పెట్టెలని ఉత్తినే తీసుకోవడాన్ని జాక్‌పాట్ అంటారు. రైతు సంఘాలు వీటిని ఎత్తివేయాలని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాయి, అధికారులు ఆదేశాలు ఇస్తూనే ఉన్నారు, మళ్ళీ మళ్ళీ తల ఎత్తుతూనే ఉన్నాయి.

సూటు వెనక ఒకప్పుడు ఒక కారణం ఉండేది. చెట్టు నుంచి దిగిన కాయ లారీలో దూరపు పట్నం చేరేలోగా నీరు తగ్గి బరువు పడిపోతుంది, కొంత నలుగుతుంది, కొంత కుళ్ళుతుంది. ఆ నష్టాన్ని కొనేవాడు ఒక్కడే ఎందుకు భరించాలన్నది వాదన. నష్టాన్ని చూసి లెక్కకట్టే తరుగుకు ఈ వాదన సరిపోతుంది. అది తూకానికి కొనసాగింపే, పాసంగం లాంటిదే. సూటు అలా నడవదు. కాయ గట్టిగా ఉన్నా మెత్తగా ఉన్నా, పట్నం దూరమైనా దగ్గరైనా తీసే కిలోలు అవే. కారణంతో పుట్టిన రాయితీ కారణం లేకుండా నిలబడినప్పుడు హక్కులా మాట్లాడటం మొదలుపెడుతుంది. రైతు అడిగితే, ఇది ఇక్కడి పద్ధతి అన్న జవాబు వస్తుంది. జైన వ్రత దోషాల జాబితాతో పోల్చి చూస్తే ఇది మూడో రకం. కాటా నిజం చెబుతుంది, సరుకులో కల్తీ లేదు, కాని కాటా చెప్పిన నిజాన్ని చీటీ మీద కొట్టివేస్తారు.

కొసరు, సూటు రెండూ తూకానికి మించి చేయి మారే సరుకే. తేడా మూడు చోట్ల కనిపిస్తుంది. కొసరు అమ్మేవారి చేతి నుంచి పడుతుంది, సూటును కొనేవారి చేయి తీసుకుంటుంది. కొసరు ఎంతో ముందు తెలియదు, సూటుకు అంకె ముందే ఉంటుంది. కొసరు వేయకపోయినా బేరం చెడదు, సూటు ఒప్పుకోకపోతే కాయ లారీ ఎక్కదు. మూడింటికీ మూలం ఒక్కటే, వద్దనగల స్వేచ్ఛ. వద్దనే వీలు ఉన్న చోట ఇచ్చినది దానం. ఆ వీలు లేని చోట ఇచ్చినదానికి ఏ పేరు పెట్టినా అది కప్పమే. పరిమాణం చూసి ఈ తేడా చెప్పలేము. గంపలోంచి పడిన పిడికెడు మిరపకాయలు శాతం లెక్కలో చీనీ సూటు కన్నా ఎక్కువే కావచ్చు.

ఇదే కొలబద్ద కొసరు మీద కూడా పెట్టాలి. గంప ముందు నిలబడి, కొసరు వేస్తేనే కొంటానని పట్టుబడితే, అది సంతలో పుట్టిన చిన్న సూటే. అడగడంలోని చనువు ఎక్కడ ఆగి బలవంతం ఎక్కడ మొదలవుతుందో మాటల్లో తేలదు. పొద్దు వాలుతుంటే, మిగిలిన సరుకు రేపటికి వాడిపోతుందని తెలిసి అడిగే కొసరులో ఆమె గరజు కూడా కలిసి ఉంటుంది.

మూడింటి వరుస

తూకం, ధర, కొసరు ఒకదాని మీద ఒకటి నిలిచేవి. తూకం తప్పితే ధర గురించి మాట్లాడటానికి అర్థం లేదు, ఎందుకంటే ఏ సరుకుకు ధర కడుతున్నామో తెలియదు. ధర తప్పితే కొసరుకు అర్థం పోతుంది. పెట్టుబడి తిరిగిరాని రైతు చేతి నుంచి ఉచితంగా పడేదానిలో ఇష్టం పాలెంతో, తప్పనితనం పాలెంతో చెప్పలేము. తూకాన్ని చట్టం, కాటా, ముద్ర కాపాడగలవు. ధరను ఒక్క మనిషి మంచితనం కాపాడలేదు. బహిరంగంగా రాసిన పలక, సంతకు చేరకముందే కొనెయ్యకుండా కట్టడి, ధర కుంగినప్పుడు నిలబెట్టే పథకం, ధర బాగున్నదాకా సరుకు దాచుకునే గిడ్డంగి, ఇలాంటి సమష్టి ఏర్పాట్లు కావాలి. కొసరును మాత్రం ఏ చట్టమూ పుట్టించలేదు. చట్టంతో వచ్చినది కొసరు కాదు.

మతాలు ఈ మూడింటినీ ఒకే బుట్టలో వేయలేదు. తూకం తప్పినవారిని శపించాయి, ధర కట్టే బాధ్యతను రాజుకో సంతకో అప్పగించాయి, ఇవ్వడాన్ని మనిషి ఇష్టానికి వదిలాయి. చిక్కు వచ్చేది ఒకదానికి చెందిన నీతిని ఇంకొకదానికి తగిలించినప్పుడు. ధర అడిగిన రైతుకు తృప్తి బోధించడం, సూటుకు కొసరు పేరు పెట్టడం, కాటా సరిగ్గా ఉందన్న సాకుతో బేరమంతా న్యాయమేననడం ఆ కోవలోవే. బ్యాడిగి నుంచి విడపనకల్లుకు తిరిగివచ్చే రైతు జేబులోని చీటీలో బస్తాల లెక్క, తూకం, ధర, కోతలు వరుసగా ఉంటాయి. ఆ వరుసలో మొదటి రెండింటికి కాటా సాక్షి. తరువాతి రెండు ఎవరు, ఏ అధికారంతో రాశారన్నదే అంగడి ధర్మం అడిగే ప్రశ్న.